వార్తల్లో పదం: చిక్ సైన్

చికున్‌గున్యా జ్వరం తగ్గాక కొందరికి ముక్కు మీద మసి పూసినట్టు నలుపు తేలుతుంది. చర్మవైద్యులు దాన్నే ‘చిక్ సైన్’ అంటారు. పసిపిల్లల్లో జబ్బును గుర్తుపట్టడానికి దీని విలువ ఎక్కువ. 2006లో ఆంధ్రప్రదేశ్‌ను మంచాన పడేసిన ఈ జబ్బు పేరెత్తితే పెద్దలకు కీళ్ల నొప్పులే గుర్తొస్తాయి. నెలల బిడ్డ నొప్పి ఎక్కడో చెప్పలేడు కదా. జ్వరం, ఎత్తుకున్నా ఆగని ఏడుపు, పాలు తాగకపోవడం మాత్రమే పైకి కనిపిస్తాయి. కొందరికి కాళ్ల మీద పెద్ద నీటి పొక్కులు లేచి చిట్లుతాయి. కాలిన గాయాలేమోనని పొరబడే ప్రమాదం ఉంది. ఫిట్స్, మెదడు వాపు వస్తే ప్రాణాంతకం కావచ్చు.

కాన్పు సమయంలో తల్లి రక్తంలో వైరస్ ఉంటే దాదాపు సగం మంది శిశువులకు సోకుతుందని, సిజేరియన్ చేసినా ఆగదని 2005-06లో రీయూనియన్ దీవిలో తేలింది. బిడ్డ ఆరోగ్యంగానే పుడుతుంది, జబ్బు మూడు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది.

మోసుకొచ్చేది ఏడిస్ దోమ. గాజువాక ఆటోనగర్ లాంటి చోట పాత టైరులో నిలిచిన వాన నీరు దానికి చాలు. అది పగలు కుడుతుంది కాబట్టి మధ్యాహ్నం ఉయ్యాలకూ దోమతెర కావాలి.

మొదటి వారంలో ఆర్‌టీపీసీఆర్, తర్వాత ఐజీఎం పరీక్ష చేస్తారు. డెంగీ కాదని తేల్చుకోవడమూ తప్పనిసరి. బరువును బట్టి పారాసిటమాల్ ఇస్తారు, ఆస్పిరిన్ కూడదు. నలుపు కొన్ని వారాల్లోనో నెలల్లోనో దానంతటదే పోతుంది.