బండికి క్రొత్త బ్యాటరీలు

కోస్గి నుండి హైదరాబాదు వెళ్లి నెహ్రూ జంతు ప్రదర్శనశాలను చూచిన శ్రోతలు అచట చప్పుడు లేక సాగు బ్యాటరీ బండ్ల నెరుగుదురు. గోల్ఫు మైదానములలో తిరుగునవియు నట్టివే. ఏండ్లు గడచి బండి నీరసించినపుడు, ఆరింటిలో చెడినది ఒక్కటే కదా, దానిని మార్చిన చాలునని యజమానికి తోచును. ఆ పొదుపే నష్టమునకు మూలమని మా మనవి.

సీసపు బ్యాటరీలో ఒక్కొక్క గది సుమారు 2 వోల్టుల నిచ్చును. మూడు గదులకు 6 వోల్టులు; అట్టివి ఆరు వరుసగా కలిపిన 36. వరుసలో అన్నిటి గుండ ఒకే కరెంటు పారును. ముసలి యెద్దును కోడెను ఒక కాడికి గట్టినట్లు, పాతది ముందుగా డస్సిపోవును. దానివలన క్రొత్తదియు సరిగా నిండక త్వరగా చెడును. కావున ఆరింటిని ఒకేసారి, ఒకే రకమువి, ఇటీవల తయారైనవి కొనవలెను. లిథియం బ్యాటరీలు కోరువారు వానికి తగిన చార్జరునే వాడవలెను.

మార్చుటకు ముందు బండి తాళము తీసి, తీగెల అమరికను కాగితముపై గీసికొనవలెను. చేతి ఉంగరములు తీసి, కండ్లకు అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు ధరించవలెను. సెట్టు చివరనున్న ఋణ తీగెను మొదట విప్పి, బిగించునపుడు దానిని కడపట కలుపవలెను. పాత బ్యాటరీలలో సీసము, ఆమ్లము ఉండును గనుక వానిని పెరటిలో పడవేయక దుకాణదారునకు అప్పగించుట క్షేమము.