దోశల పిండిలో లెక్క

అమ్మమ్మ దోశలకి 1 గ్లాసు మినప్పప్పు, 3 గ్లాసుల బియ్యం నానబోస్తుంది. ఇది 1:3 నిష్పత్తి. "ఒకటికి మూడు" అని చదవాలి.

ఈరోజు చుట్టాలొస్తున్నారు. అందుకని పప్పు 2 గ్లాసులు పోశాం. మరి బియ్యం ఎన్ని గ్లాసులు? పప్పు ఒక గ్లాసు పెరిగింది కదా అని బియ్యం 4 పోస్తే తప్పు! 2:4 అంటే 1:2. పప్పు ఎక్కువై దోశ మెత్తబడుతుంది. పప్పు రెండింతలైతే బియ్యమూ రెండింతలు కావాలి. అంటే 6 గ్లాసులు. 1:3, 2:6 సమానం. ఇలా రెండు నిష్పత్తులు సమానంగా ఉంటే అనుపాతం అంటాం.

శాతం అంటే నూటికి ఎంత అని. మొత్తం 4 భాగాల్లో పప్పు 1 భాగం, అంటే 25 శాతం.

మీరు చెప్పండి: బియ్యం ఎంత శాతం? 9 గ్లాసుల బియ్యానికి పప్పు ఎన్ని గ్లాసులు?