కొత్త మామిడికాయ వచ్చేలోపు ఒరుగుల పప్పు

ఉగాది దగ్గరపడుతోంది. మార్కెట్లో మామిడికాయ ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది కానీ, రేటు చుక్కలు చూపిస్తోంది. పులుపు కోసం ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా తీయండి. పోయిన వేసవిలో అమ్మవాళ్లు ఉప్పు పట్టించి ఎండబెట్టిన మామిడి ఒరుగులు అందులో ఉంటాయి. బూజు కనిపిస్తే మాత్రం కడిగి వాడొద్దు, పారేయండి.

ఒకసారి కడిగి, వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. చాలామంది కందిపప్పు, ఒరుగులు కలిపి కుక్కర్లో పడేస్తారు. అక్కడే పప్పు చెడుతుంది. పులుపు తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు, ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. గ్యాసూ దండగే. అందుకే పప్పు విడిగా ఉడికించి, మెదిపాక ఒరుగుల్ని నానిన నీళ్లతో సహా వేసి 10 నిమిషాలు మరగనివ్వండి. ఉప్పు చివర్లో, రుచి చూశాకే. ఒరుగుల్లో ఆల్రెడీ ఉంది కదా!

చింతచిగురు దొరికితే దానికీ ఇదే లెక్క. కాడలు తీసి, చేత్తో నలిపి, ఉడికిన పప్పులో వేయాలి.

పోపులో ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి. నాకైతే వెల్లుల్లి దండిగా పడాలి, దానిమీద మా ఇంట్లో రోజూ గొడవే. పక్కన నాలుగు ఊరమిరపకాయలు వేయించుకుంటే ఇంక కూర అక్కర్లేదు.