కోడి రామ్మూర్తి × గామా... గెలుపెవరిది?

ఒకరు ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకున్న తెలుగు మల్లుడు. మరొకరు ఓటమి ఎరుగని పహిల్వాన్‌గా పేరుపడ్డ పంజాబీ. ఇద్దరూ ఒకే కాలంవాళ్లు. కానీ బరిలో ఎప్పుడూ ఎదురుపడలేదు. పడి ఉంటే..?

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే దారిలో తొర్రూరు పెద్ద కూడలి. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. బస్సు ఆలస్యమైతే టీకొట్టు, టీకొట్టు ఉంటే ముచ్చట్లు... అన్ని ఊళ్లలాగే ఇక్కడా అంతే. సినిమాలు, రాజకీయాలు, క్రికెట్ ఎప్పుడూ ఉన్నవే. ఇప్పుడు వాటి సరసన మరోటి చేరింది. ఒక ఫోను చుట్టూ నాలుగు తలలు. తెరమీద జాలీ కట్టిన బరి. అందులో ఒకడు గుద్దుతుంటాడు, ఇంకొకడు కాళ్లు పట్టి పడేస్తుంటాడు. అదే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్... పొట్టిగా ఎంఎంఏ. కుస్తీ, బాక్సింగ్, కరాటే, జూడో అన్నీ కలిసిన పోటీ. 2022లో విజయ్ దేవరకొండ ‘లైగర్’ వచ్చాక మనదగ్గర సినిమా చూసే ఇంటింటికీ ఆ పేరు తెలిసింది.

ఈ ఆట అభిమానులకు జరిగిన పోటీలకంటే జరగని పోటీలంటేనే మోజు. ఆనాటి వీరుడికీ ఈనాటి వీరుడికీ పెడితే ఎవరు గెలుస్తారు? ఆ బరువువాడు ఈ బరువువాడితో తలపడితే? అలాంటి వాదన మొదలైతే టీ చల్లారిపోవాల్సిందే. మధ్యలో ఏ పెద్దాయనో అందుకుంటాడు. ‘‘అవన్నీ ఎందుకు తమ్మీ... మన కోడి రామ్మూర్తికీ గామాకూ పడితే ఎవరు గెలుస్తరో చెప్పుండ్రి!’’

‘‘ఏనుగునే ఆపినోడికి గామా ఒక లెక్కనా కాకా?’’ అని ఒకరు. ‘‘గామా ముంగట ఎవ్వడు నిలవడ్డడు?’’ అని ఇంకొకరు.

సరదా ప్రశ్నే. కానీ సరిగ్గా ఆలోచిస్తే దీనికి జవాబు చెప్పడం సాధ్యమే. కాకపోతే అభిమానాన్ని కాసేపు పక్కన పెట్టాలి.

ఎవరీ ఇద్దరు?

కోడి రామ్మూర్తి నాయుడు సొంతూరు వీరఘట్టం. అప్పట్లో ఉత్తర సర్కారు, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. 1880ల తొలినాళ్లలో పుట్టారు. విజయనగరంలో పెరిగారు. అక్కడే కసరత్తు, సాము, కుస్తీ నేర్చారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టారు. ఛాతీకి బిగించిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంపడం, రెండు వైపులా రెండు కార్లు లాగుతుంటే కదలకుండా నిలవడం, గుండెమీద ఏనుగును ఎక్కించుకోవడం... ఇవీ ఆయన ప్రదర్శనలు. జనం ‘కలియుగ భీముడు’ అన్నారు. ‘ఇండియన్ హెర్క్యులస్’ అన్న బిరుదూ ఉంది. 1942లో ఒడిశాలో కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే.

గామా అసలు పేరు గులాం మహమ్మద్. పంజాబ్‌లో పహిల్వాన్ల కుటుంబం. పుట్టింది 1878లో అంటారు. ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలకు మించదు. రోజుకు వేలకొద్దీ బస్కీలు, దండీలు తీసేవాడని చెబుతారు. 1910లో లండన్ వెళ్లాడు. అమెరికన్ మల్లుడు బెంజమిన్ రోలర్‌ను నిమిషాల్లో రెండుసార్లు పడేశాడు. ఆ సెప్టెంబరు 10న పోలెండ్ వీరుడు స్టానిస్లాస్ జిబిస్కోతో తలపడ్డాడు. రెండున్నర గంటలకు పైగా సాగినా ఫలితం తేలలేదు. వారం తర్వాత మళ్లీ పోటీ పెడితే జిబిస్కో రానేలేదు. బెల్టు గామాకు దక్కింది. 1928లో పటియాలాలో మళ్లీ ఇద్దరూ ఎదురుపడ్డారు. ఈసారి నిమిషం తిరక్కుండానే జిబిస్కో కింద ఉన్నాడు! దేశ విభజన తర్వాత పాకిస్థాన్‌లో ఉండిపోయిన గామా 1960లో లాహోర్‌లో మరణించాడు.

ఇక పోటీ పెడదాం. ముందు నాలుగు ప్రశ్నలు తేల్చుకోవాలి.

ఎక్కడ జరుగుతుంది?

తొర్రూరుకు దగ్గర్లోనే, పాలకుర్తి పక్కన ఉంది బమ్మెర. పోతనగారి ఊరు. ఆయన భాగవతంలోని గజేంద్రమోక్షం కథ మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. మడుగులోకి దిగిన ఏనుగు కాలు మొసలి పట్టుకుంటుంది. గట్టుమీద అయితే ఏనుగు ముందు మొసలి ఎంత? కానీ పోరు జరిగింది నీళ్లలో. రోజులు గడిచేకొద్దీ మొసలికి బలం పెరిగింది, ఏనుగుకు తగ్గింది. ఇంతకంటే చక్కగా ఎంఎంఏను వివరించిన కథ మరోటి ఉండదేమో!

గుద్దులవాడికి గట్టు కావాలి, అంటే నిలబడి కొట్టుకోవాలి. పట్లవాడికి మడుగు కావాలి, అంటే కిందపడి పెనుగులాడాలి. ఎవరు ఎవర్ని తన చోటుకు లాగుతారన్నదే అసలు ప్రశ్న. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో మొట్టమొదటి యూఎఫ్‌సీ పోటీ జరిగినప్పుడు ప్రపంచం దీన్ని కళ్లారా చూసింది. బ్రెజిల్ జుజుత్సు నేర్చిన రాయిస్ గ్రేసీ ఎనభై కిలోల మనిషి. చూడ్డానికి బక్కపల్చగా ఉంటాడు. ఎదురుగా ఒక చేతికే గ్లవ్ వేసుకొచ్చిన బాక్సర్ ఆర్ట్ జిమ్మర్సన్. గ్రేసీ అతణ్ని కిందికి లాగి మీదెక్కాడు. ఇక బాక్సర్‌కు చేయడానికేం మిగల్లేదు. ఒప్పుకున్నాడు. ఆ రాత్రి మరో ఇద్దర్ని కూడా ఓడించి గ్రేసీయే విజేత అయ్యాడు.

మరి మన పోటీలో? గామాకు అలవాటైన చోటు అఖాడా. రామ్మూర్తికి అలవాటైన చోటు సర్కస్ డేరా. మట్టిలో మనిషిని పడేయడం ఒకరి రోజువారీ పని. వేలమంది చూస్తుండగా బరువును తట్టుకోవడం మరొకరి పని. బరి ఏదైనా ఎదురుగా ఉండేది మనిషే కాబట్టి ఈ ప్రశ్నలో మొగ్గు గామాకే.

నిబంధనలేంటి?

1976 జూన్ 26న టోక్యోలో బాక్సింగ్ చక్రవర్తి మహమ్మద్ అలీకీ జపాన్ మల్లుడు ఆంటోనియో ఇనోకీకీ పోటీ పెట్టారు. ప్రపంచమంతా ఎదురుచూసింది. తీరా చూస్తే ఇనోకీ పదిహేను రౌండ్లలో చాలావరకు వెల్లకిలా పడుకుని అలీ కాళ్లమీద తన్నుతూనే ఉన్నాడు. అలీ విసిరిన గుద్దులు పట్టుమని పది లేవు. ఫలితం... డ్రా! అలీ కాళ్లు మాత్రం వాచిపోయాయి. పట్లనూ తన్నులనూ నిబంధనలు కట్టేయడంతో ఇద్దరు గొప్పవాళ్ల పోటీ అలా నవ్వులపాలైంది.

2017 ఆగస్టులో ఎంఎంఏ వీరుడు కానర్ మెక్‌గ్రెగర్ బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్‌తో తలపడ్డాడు. కానీ బాక్సింగ్ నిబంధనలతో! పదో రౌండులో మేవెదర్ గెలిచాడు. అదే పోటీ ఎంఎంఏ నిబంధనలతో జరిగి ఉంటే మేవెదర్ వైపు పందెం కాసేవాళ్లు కరవే.

కుస్తీలో ప్రత్యర్థి వీపు నేలకు ఆనిస్తే చిత్తు. అక్కడితో ఆట ముగిసినట్టే. ఎంఎంఏలో వీపు నేలకు ఆనిన తర్వాతే కొందరి ఆట మొదలవుతుంది. 1994 డిసెంబరులో అదే గ్రేసీ తనకంటే ముప్ఫై కిలోలకు పైగా బరువున్న డాన్ సెవెర్న్ కింద పదిహేను నిమిషాలు నలిగాడు. ఆఖరికి కిందనుంచే కాళ్లతో మెడకు మెలిక వేసి ఒప్పించాడు. కుస్తీ లెక్కలో చూస్తే ఓడినవాడు గ్రేసీయే!

బలమా? సాధనా?

రామ్మూర్తిని కలియుగ భీముడన్నారు కదా... అసలు భీముడి సంగతేంటి? దుర్యోధనుడితో గదాయుద్ధానికి ముందు ఎవరు గెలుస్తారని అర్జునుడు అడుగుతాడు. కృష్ణుడు మొహమాటపడడు. బలంలో భీముడే మిన్న, కానీ సాధనలో దుర్యోధనుడు మిన్న, న్యాయంగా పోరాడితే భీముడు గెలవడం కష్టమంటాడు. చివరికి నడుము కింద కొట్టకూడదన్న నియమం దాటితే తప్ప భీముడికి గెలుపు దక్కలేదు. మన పురాణాల్లో ఇంత నిక్కచ్చి అంచనా మరోటి లేదు.

ఏనుగు విద్యనే చూడండి. మనిషి పడుకుంటాడు. ఛాతీమీద చెక్క వేస్తారు. ఏనుగు భారం ఆ చెక్కంతా పరుచుకుంటుంది. ఊపిరి బిగబట్టి, ఎముకలు కండరాలు ఒక్కటిగా చేసి నిలవాలి. ఇది గారడీ కాదు... లిప్తపాటు పట్టు సడలితే ప్రాణమే పోతుంది. ప్రాణాయామంలో ఏళ్ల తరబడి ఆరితేరితే తప్ప సాధ్యంకాదు. కానీ ఆ బరువు ఎక్కణ్నుంచి వస్తుందో, ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో ముందే తెలుసు. గామా ఎక్కణ్నుంచి వస్తాడో తెలియదు! మెడ చుట్టూ చెయ్యి పడిందనుకునేలోపు కాలు లేస్తుంది. కాలు చూసుకునేలోపు నడుము తిరుగుతుంది. ఊపిరి బిగబట్టినవాడు బరువును మోయగలడు. గంటసేపు పెనుగులాడాలంటే మాత్రం ఊపిరి తీసుకుంటూనే ఉండాలి. ఆ రెండూ వేర్వేరు విద్యలు.

కాలం ఏది?

జరగని పోటీల్లో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఇద్దరినీ వాళ్లవాళ్ల మంచి రోజుల్లోంచి ఎత్తుకొచ్చి బరిలో దించేస్తాం. 1910లో రెండున్నర గంటలు తట్టుకున్న జిబిస్కో 1928లో నిమిషం కూడా తట్టుకోలేకపోవడానికి గామా నేర్పుతోపాటు పెరిగిన వయసు కూడా కారణమే. అప్పటికి జిబిస్కోకు యాభై దగ్గరపడ్డాయి. గామా కూడా అంతే వయసువాడు కావడమే వింత!

విద్యలు కూడా ముందుకెళ్తాయి. గామా తమ్ముడు ఇమాం బక్ష్ కొడుకు అక్రమ్. 1976 డిసెంబరులో కరాచీలో ఇనోకీతో తలపడ్డాడు. అలీతో డ్రా చేసుకున్న ఆ ఇనోకీయే. గామా వంశం పరువు మొత్తం బరిలో ఉంది. ఇనోకీ అక్రమ్ చేతికి మెలిక వేశాడు. అక్రమ్ ఒప్పుకోలేదు. చెయ్యి విరిగింది. పోటీ ముగిసింది. వీపు నేలకు ఆనకుండా చూసుకోవడం అతనికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. చెయ్యి విరిచే పట్టునుంచి తప్పించుకోవడం మరో విద్య.

ఇదీ తీర్పు

ఇద్దరూ ముప్ఫై ఏళ్ల వయసులో, మంచి కసరత్తులో ఉన్నారనుకుందాం. కుస్తీ నిబంధనలతో పది పోటీలు పెడితే తొమ్మిది గామావే. మిగిలిన ఒక్కటీ రామ్మూర్తి కదలకుండా నిలబడి డ్రా చేసుకునేది. ఎంఎంఏ నిబంధనలతో పెట్టినా గామాయే. ఎందుకంటే ఎదుటివాణ్ని కిందపడేసి మీద ఉండగలిగినవాడికి గుద్దడానికీ వీలుంటుంది. అదే బలప్రదర్శన పోటీ అయితే గామా బరిలోకి రాకుండానే రామ్మూర్తి గెలుస్తారు.

మరి ఇద్దర్లో ఎవర్నయినా ఈనాటి ఎంఎంఏ ఛాంపియన్ ముందు నిలబెడితే? అదే బరువువాడైతే, బహుశా ఇద్దరూ ఓడతారు. ఈమాట మింగుడుపడదు. కానీ గొంతు నొక్కే పట్లు, కీళ్లు విరిచే మెలికలు, గుద్దులు, తన్నులు... ఇవన్నీ కలిపి సాధన చేసే అవకాశం ఆ ఇద్దరికీ లేదు. అది వాళ్ల లోటు కాదు, కాలం తేడా.

బరిలో దిగితేనే...

అమెరికా ఛాంపియన్ ఫ్రాంక్ గాచ్‌తో తలపడతానని గామా సవాలు విసిరాడు. ఆ పోటీ జరగలేదు. ఖబీబ్ నుర్మగొమెదోవ్, టోనీ ఫెర్గ్యూసన్‌ల మధ్య యూఎఫ్‌సీ అయిదుసార్లు పోటీ ఖాయం చేసింది. గాయాలు, అనారోగ్యం, ఆఖర్న 2020లో కరోనా... అయిదుసార్లూ ఆగిపోయింది. జాన్ జోన్స్, టామ్ ఆస్పినల్‌ల పోటీకోసం అభిమానులు ఎంతో ఎదురుచూస్తే 2025 జూన్‌లో జోన్స్ రిటైరయ్యాడు. ఇవన్నీ ఇక వాదనలుగానే మిగులుతాయి. వాదనలో ఎవరూ ఓడరు. ఎవరి వీరుడు వాళ్లకు గెలుస్తూనే ఉంటాడు.

అలా మిగిలిపోకూడదనుకున్న అమ్మాయి ఒకరున్నారు మనదగ్గర. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్ లేకుండానే మేరీకోమ్‌ను పంపించాలనుకుంటే, నిఖత్ క్రీడామంత్రికి లేఖ రాశారు. పోటీ పెట్టమన్నారు. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్‌తో ఇరవైమూడేళ్ల అమ్మాయికి పోటీనా అన్నవాళ్లున్నారు. ఆ డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. 9-1 తేడాతో మేరీకోమ్ గెలిచారు.

అంచనాలు నిజమయ్యాయి. అయినా నిఖత్ కోల్పోయిందేమీ లేదు. తానెక్కడుందో, ఇంకా ఎంత దూరం వెళ్లాలో తెలిసింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 2023లో అదే ఢిల్లీలో మళ్లీ అయ్యారు.

రామ్మూర్తి, గామాల వాదన తొర్రూరు టీకొట్టులోనే కాదు, ఎక్కడైనా సాగుతూనే ఉంటుంది. సాగనివ్వండి. అందులో సరదా ఉంది, కాస్త చరిత్రా ఉంది. కానీ వాదిస్తున్న కుర్రాళ్లలో ఎవరికైనా నిజంగా బరిలో దిగాలనిపిస్తే మాత్రం, మంచి కోచ్‌ను వెతుక్కుని రేపు పొద్దున్నే లేవాలి. ఎవరెంత అన్నది అక్కడే తేలుతుంది!