ఇంటి సర్వర్‌లో ఎవరికి ఎవరితో పొసగుతుంది?

మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌లో 16 జీబీ మెమరీ ఉంటే చాలు, అది ఇంటిల్లిపాదికీ సర్వర్‌గా పనికొస్తుంది. ఫొటోలు దాచుకునే ప్రోగ్రామ్, ప్రకటనలను ఆపే ప్రోగ్రామ్, విండోస్ మీద తప్ప నడవని లెక్కల సాఫ్ట్‌వేర్... అన్నీ అందులోనే ఉండొచ్చు, ఒకదాని జోలికి ఒకటి పోకుండా. వర్చువలైజేషన్ చేసే పని ఇదే.

దీనికి రెండు పద్ధతులున్నాయి. వర్చువల్ మెషీన్‌కు సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఉంటుంది, కాబట్టి అందులో విండోస్ కూడా నడుస్తుంది. కంటైనర్‌కు సొంత కెర్నల్ ఉండదు. సర్వర్‌లోని లినక్స్ కెర్నల్‌నే వాడుకుంటుంది. దానికి ఏవి కనపడాలో నేమ్‌స్పేస్‌లు, ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ దక్కాలో సీగ్రూపులు నిర్ణయిస్తాయి. కెర్నల్ లెక్కలో కంటైనర్ అంటే కొన్ని మామూలు ప్రాసెస్‌లే. అందుకే క్షణాల్లో మొదలవుతుంది.

ఈ రెండూ చక్కగా కలిసి బతుకుతాయి. వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం 2007లో లినక్స్ కెర్నల్‌లోనే భాగమైంది. ప్రాక్స్‌మాక్స్ లాంటి వ్యవస్థలు కేవీఎంనూ ఎల్‌ఎక్స్‌సీ కంటైనర్లనూ పక్కపక్కనే నడుపుతాయి.

మొదటి చిక్కు రెండు హైపర్‌వైజర్లను, అంటే వర్చువల్ మెషీన్లను నడిపే ప్రోగ్రామ్‌లను, కలిపినప్పుడు వస్తుంది. కేవీఎం ఉన్నచోట వర్చువల్‌బాక్స్ అనే మరో హైపర్‌వైజర్ కూడా పెట్టారనుకోండి. ఇంటెల్ ప్రాసెసర్లలో 2005 నుంచి వస్తున్న, వర్చువల్ మెషీన్లకు తోడ్పడే వీటీ-ఎక్స్ సౌకర్యం ఇద్దరికీ కావాలి. దాన్ని ఒకరు చేజిక్కించుకున్నాక రెండోవారికి దారి మూసుకుపోతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకప్పుడు కేవీఎం తన వర్చువల్ మెషీన్ మొదలైనప్పుడే ఆ సౌకర్యాన్ని తీసుకునేది, అన్నీ ఆగిపోగానే వదిలేసేది. 2024లో వచ్చిన లినక్స్ 6.12 నుంచి మాడ్యూల్ లోడ్ కాగానే పట్టుకుంటోంది. కేవీఎం కింద ఏమీ నడవకపోయినా వర్చువల్‌బాక్స్ ఒక్కోసారి మొరాయించడానికి కారణం ఇదే. కేవీఎం మాడ్యూల్‌ను తీసేస్తే వర్చువల్‌బాక్స్ మళ్లీ నడుస్తుంది. కానీ ఇంటి సర్వర్‌కు ఒక్క హైపర్‌వైజర్ చాలునని, అది కేవీఎం అయితే మేలని నా గట్టి అభిప్రాయం.

నెట్‌వర్క్ దగ్గర వచ్చే తంటా ఇంకా కష్టపెడుతుంది, తెరమీద ఏ హెచ్చరికా కనపడదు కనుక. కంటైనర్లను నడిపే డాకర్ మొదలవగానే సర్వర్ ఫైర్‌వాల్ నియమాలను మారుస్తుంది. ఒక ఇంటర్‌ఫేస్ నుంచి మరోదానికి వెళ్లే ప్యాకెట్లను, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, పారేయమంటుంది. వర్చువల్ మెషీన్లను నెట్‌వర్క్‌కు కలిపే బ్రిడ్జి మీదుగా వెళ్లే ప్యాకెట్లకూ ఫైర్‌వాల్ వర్తించేలా కెర్నల్ అమరి ఉంటే, నిన్నటిదాకా బాగున్న వర్చువల్ మెషీన్లకు ఇంటర్నెట్ పోతుంది. పాపం, మనం కేబుళ్లు, రూటర్ వెతుకుతూ కూర్చుంటాం. డాకర్‌కు విడిగా ఒక వర్చువల్ మెషీన్ ఇచ్చేస్తే దాని నియమాలు దానిలోనే ఉంటాయి. ప్రాక్స్‌మాక్స్ తయారీదారులు సూచించేదీ ఇదే. కొంత మెమరీ అదనంగా ఖర్చయినా ఇవ్వడమే మంచిది.

రెండో హైపర్‌వైజర్‌ను నేర్చుకోవాలన్న కోరిక బలంగా ఉంటే, దాన్ని కేవీఎం వర్చువల్ మెషీన్ లోపలే పెట్టుకోవచ్చు. వీటీ-ఎక్స్‌ను అనుకరించి కేవీఎం లోపలికి అందిస్తుంది. వేగం కొంత తగ్గుతుంది గానీ, నేర్చుకోవడానికి ఏ లోటూ ఉండదు.