డబ్లిన్ రొట్టె, మా అత్తగారి మూకుడు

ముప్పయ్యేళ్ళుగా చపాతీ పిండి కలుపుతున్న చెయ్యి నాది. పిండి విషయంలో నాకు ఒకరు చెప్పేదేముంటుందిలే అనుకునేదాన్ని. అలాంటిది ఒక రొట్టె నాకు మళ్ళీ ఓనమాలు దిద్దించింది. దాని పేరు సోడా రొట్టె. పుట్టిల్లు ఐర్లాండ్. ఎల్.బి.నగర్‌లో ఐర్లాండ్ రొట్టె ఏమిటంటారా? అదే చెప్పబోతున్నాను.

మా అమ్మాయి 2022లో పైచదువుకి డబ్లిన్ వెళ్ళింది. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్. అక్కడ తలెత్తితే చాలు... కోచింగ్ సెంటర్ల బోర్డులు, లేడీస్ హాస్టళ్ళ బోర్డులు, విదేశీ చదువుల బోర్డులు. ఇంగ్లీషు పరీక్షకి అమ్మాయి అక్కడే తయారైంది. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చాం.

మా అత్తగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. "ఇల్లు తాకట్టు పెట్టి ఆడపిల్లని దేశం దాటిస్తారా?" అని ఆవిడ కోపం. పిల్ల విమానం ఎక్కిన రోజు నుంచీ దానితో మాట్లాడటం మానేశారు. ఫోన్ మోగితే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేవారు. "నానమ్మ ఏదమ్మా?" అని అది అడగడం, "పడుకుందే" అని నేను అబద్ధం చెప్పడం... ఇదీ వరస. ఇద్దరి మధ్యా నలిగింది నేనే.

ఒక ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేసింది. చలికాలం కదా, అక్కడ మధ్యాహ్నం మూడు. వీడియోలో చూస్తే చేతులకి పిండి. "సోడా రొట్టె చేస్తున్నానమ్మా. ఈస్ట్ అక్కర్లేదు, గుడ్డు అక్కర్లేదు. పిండి, ఉప్పు, సోడా, మజ్జిగ అంతే. అద్దె కట్టాక మిగిలిన డబ్బుల్లో ఇదే గిట్టుబాటు" అంది. నా గుండె కలుక్కుమంది. నా మొహం చూసి నవ్వేసింది. "జాలిపడకమ్మా, వేడిగా వెన్న రాసుకుంటే ఎంత బావుంటుందో! నువ్వూ చేసి చూడు" అంది.

పిల్ల ఏం తింటోందో నా నోటికీ తెలియాలి కదా. మర్నాడే మొదలుపెట్టాను.

రెండుసార్లు చెడింది

మొదటిసారి అలవాటు కొద్దీ పిండిని పది నిమిషాలు మర్దించి, తడిగుడ్డ కప్పి అరగంట నానబెట్టాను. రొట్టె కాదు, రాయి తయారైంది. "గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవచ్చు" అన్నారు మా ఆయన. రెండోసారి మజ్జిగ ప్యాకెట్ తెచ్చి పోశాను. అందులో ముందే అల్లం, పచ్చిమిర్చి ఉన్నాయి! పైగా బాగా పొంగాలని సోడా ఇంకో చెంచా వేశాను. పసుపుపచ్చగా, సబ్బు వాసనతో వచ్చింది. పనిమనిషి కూడా వద్దంది.

అమ్మాయికి ఫోన్ చేశాను. ఓపిగ్గా పాఠం చెప్పింది. మజ్జిగలోని పులుపు సోడాకి తగలగానే గాలి బుడగలు పుడతాయట. అవే రొట్టెని పొంగిస్తాయి. ఆ పొంగు తడి తగిలిన క్షణం నుంచే మొదలవుతుంది కాబట్టి నానబెడితే ఉన్న గాలి కాస్తా పోతుంది. పిసికితే గోధుమలోని జిగురు సాగి రొట్టె గట్టిపడుతుంది. సోడా ఎక్కువైతే పులుపుతో కలవగా మిగిలింది సబ్బు రుచి ఇస్తుంది. "నీ చెయ్యి ఎంత తక్కువ పెడితే అంత బాగా వస్తుందమ్మా" అంది. ఆ మాట రొట్టె గురించే అంది కానీ నాకు ఇంకెక్కడో తగిలింది. రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి తిన్నావా, పడుకున్నావా అని దాన్ని పీడించే తల్లిని నేను!

మూత మీద నిప్పులు

ఆ రోజు ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది. అమ్మాయి ఈ రొట్టె పుట్టుపూర్వోత్తరాలు చెబుతోంది. ఐర్లాండ్‌లో చలి, తేమ ఎక్కువ. అక్కడ పండే గోధుమలో జిగురు తక్కువ కావడంతో ఈస్ట్ రొట్టెకి సరిగ్గా పనికిరాదు. 1830ల తర్వాత సోడా వాడకం పెరిగింది. వెన్న తీసిన మజ్జిగ ప్రతి పల్లెటూరి ఇంట్లోనూ ఉండేది. ఇంకేం, పేదవాడి రొట్టె తయారు! అప్పట్లో చాలా ఇళ్ళలో ఓవెన్లు లేవు. బాస్టిబుల్ అనే మందపాటి ఇనప గిన్నెలో పిండి ముద్ద పెట్టి, పొయ్యి మంట మీద వేలాడదీసి, మూత మీద కూడా నిప్పులు పోసేవారట. రొట్టె మీద కత్తితో పెద్ద ప్లస్ గుర్తులా గాటు పెడతారు. లోపలి దెయ్యాలు పోవడానికని అక్కడి పెద్దవాళ్ళు చెబుతారట. అసలు సంగతి, మధ్యలోకి వేడి బాగా వెళ్తుంది.

బాల్కనీ తలుపు చప్పుడైంది. "మూత మీద నిప్పులా? అది మన దిబ్బరొట్టె కాల్చే పద్ధతే కదే!" మా అత్తగారు!

ఆవిడది కృష్ణా జిల్లా. చిన్నప్పుడు వాళ్ళమ్మ మినప్పిండి దిబ్బరొట్టెని కుంపటి మీద, మూత మీద నిప్పులు పోసి ఎర్రగా కాల్చేదట. ఆ ఇనప మూకుడు మా ఇంట్లోనే అటక మీద ఉంది. అటు ఫోన్‌లో ఒక్క క్షణం మాట లేదు. తర్వాత "నానమ్మా..." అంది అమ్మాయి. ఆవిడ ఫోన్ అందుకున్నారు. "అక్కడ చలి మరీ ఎక్కువా?" అన్నారు. పద్నాలుగు నెలల తర్వాత ఆవిడ అన్న మొదటి మాట అదే.

మీరూ చేసుకోవచ్చు

కావలసినవి: గోధుమ పిండి 125 గ్రాములు, మైదా 125 గ్రాములు, వంట సోడా అర టీస్పూను, ఉప్పు అర టీస్పూను, పుల్లటి చిక్కటి మజ్జిగ సుమారు 200 మిల్లీలీటర్లు. సోడా బదులు బేకింగ్ పౌడర్ వేయకండి, అది వేరు. మజ్జిగ ఇంట్లో చిలికినదే వాడండి.

మందపాటి మూకుడుని ముందే సన్నని సెగ మీద వేడిచేయండి. పిండి, ఉప్పు, సోడా కలిపి జల్లించండి. మధ్యలో గుంట చేసి మజ్జిగ పోసి, చేతివేళ్ళతో గబగబా కలపండి. ముద్దయితే చాలు, ఆపేయండి. చేతికి కాస్త అంటుకునేలా ఉండాలి. పొడిపిండి చల్లి, అంగుళం మందాన గుండ్రంగా తట్టి, నాలుగు ముక్కలుగా కోసి మూకుడులో పరవండి. గ్యాస్ పొయ్యి దగ్గర మూత మీద నిప్పులు ఎక్కడివి? అందుకని మూతపెట్టి ఒక పక్క పన్నెండు, పదిహేను నిమిషాలు కాల్చి తిరగేయండి. రెండో పక్కా అంతే. ఓవెన్ ఉంటే గుండ్రటి రొట్టె మీద లోతుగా గాటు పెట్టి, 200 డిగ్రీల వేడిలో అరగంట పైన కాల్చండి. అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి.

గుడ్డలో చుట్టి ఉంచితే మెత్తగా ఉంటుంది. ఆ రోజే తినేయాలి, మర్నాటికి గట్టిపడుతుంది. అప్పుడు పెనం మీద కాల్చుకుంటే సరి. వెన్నతో వాళ్ళు తింటారు. అల్లం పచ్చడితో మా అత్తగారు తింటారు. రక్తపోటు ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పుతో పాటు సోడాలోనూ సోడియం ఉంటుందని గుర్తుంచుకోవాలి.

బ్యాంకు అప్పు ఇంకా తీరలేదు. ఇల్లు తాకట్టు పెట్టడం తప్పేనని మా అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు. కానీ ఆదివారం ఎనిమిదిన్నర అయ్యేసరికి ఫోన్ ఆవిడ ఒళ్ళోనే ఉంటోంది. నేనా? రోజుకి ఒక్కసారే ఫోన్ చేస్తున్నాను. పిండి దగ్గర నేర్చుకున్నదాన్ని పిల్ల దగ్గరా పాటించాలి కదా!