పెళ్ళి నిజమే, రుజువేదీ?

సంచికకి ఏదైనా రాయమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, హాస్టలు రోజుల గురించి నాలుగు ముక్కలు రాసి పంపుదామనుకున్నాను. అవి నాకంటే బాగా రాయగలవాళ్ళు చాలామంది ఉన్నారు. శృంగవరపుకోటలో ప్లీడరీ చేసుకుంటున్న పాత విద్యార్థిగా నాకు ఈమధ్య తరచు తగులుతున్న చిక్కు ఒకటుంది. అది మీలో చాలామందికి కూడా ఇవాళ కాకపోతే రేపైనా తగులుతుంది. విదేశంలో ఉన్న భర్త దగ్గరకో భార్య దగ్గరకో వెళ్ళడానికి వీసా అడిగినప్పుడు, మీది నిజమైన పెళ్ళేనా అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం ఎలాగ?

మా అప్ప కూతురి సంగతే చెప్తాను. మేనరికం, మేనత్త కొడుకునే చేసుకుంది. కుర్రాడికి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం. పెళ్ళయిన ఇరవయ్యో రోజున అతను వెళ్ళిపోయేడు, పిల్ల అత్తవారింట ఉండిపోయింది. ఎవరినో పట్టుకుని దరఖాస్తు పెట్టేరు. కొన్నాళ్ళకి, మీ సంబంధం గురించి ఇంకా ఆధారాలు కావాలని కబురొచ్చింది. మా బావ ఆ కాయితం తెచ్చి నా బల్లమీద పడేసేడు.

"ఊరంతా వచ్చి భోంచేసి వెళ్ళేరు కదేటి! ఇంకా సాక్ష్యమేటి కావాలిట వాళ్ళకి?"

కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదది. మన పెళ్ళి తంతంతా నలుగురి సాక్ష్యం కోసం పుట్టినట్టే ఉంటుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా, సప్తపది ఆచారమైన చోట ఏడో అడుగుతో పెళ్ళి పూర్తయినట్టేనంటుంది. రిజిస్టరు చేయించనంత మాత్రాన ఆ పెళ్ళి చెల్లకుండా పోదు. దీన్ని తిరగేసి చూడండి. 2024లో డాలీ రాణి కేసులో సుప్రీంకోర్టు, తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటీ తెచ్చుకుంటే అది హిందూ వివాహమే కాదంది. వీసాకి టైము కలిసొస్తుందని ముందు రిజిస్టరు చేయించి, తర్వాత తీరిగ్గా పెళ్ళి చేసుకునే అలవాటుని పేరెట్టి మరీ తప్పుపట్టింది. మన వైపూ ఈ అలవాటుంది. దయచేసి ఆ పని చెయ్యకండి.

మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం పెళ్ళి నమోదు తప్పనిసరే, సర్టిఫికెట్ ఉండవలసిందే. కాని అది చెప్పేది పెళ్ళి జరిగిందని మాత్రమే. ఇద్దరూ ఆలుమగలుగా బతుకుతున్నారా అన్నది వేరే ప్రశ్న. వీసా ఆఫీసరు అడిగేది ఆ రెండోదే.

ఈ అనుమానం కొత్తది కాదు. రెండేళ్ళు నిండని పెళ్ళిమీద వచ్చినవారికి రెండేళ్ళ షరతు నివాసమే ఇచ్చేలా అమెరికా 1986లో చట్టం చేసింది. ఆ గడువు తీరేలోగా ఇద్దరూ కలిసి మళ్ళీ రుజువు చూపాలి. బ్రిటన్‌లో 1997 దాకా, ఈ పెళ్ళి ముఖ్యోద్దేశం దేశంలోకి రావడం కాదని దరఖాస్తుదారే నిరూపించుకోవాల్సి వచ్చేది. అంతకుముందు 1979లో, పెళ్ళి చేసుకోడానికి లండన్ వచ్చిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలికి హీత్రూ విమానాశ్రయంలో కన్యాత్వ పరీక్ష చేసేరు. అనుమానం ఎంతదూరం పోగలదో చెప్పడానికి అదొక్కటి చాలు.

ఆస్ట్రేలియా నిబంధనల్లో చూసేవి నాలుగు: డబ్బు వ్యవహారం, ఇంటి నిర్వహణ, నలుగురిలో గుర్తింపు, ఒకరికొకరు కట్టుబడి ఉండడం. మావాళ్ళ ఫైలు తెరిస్తే నాలుగు వందల ఫొటోలున్నాయి. అన్నీ ఒక్కరోజువే! మీ సంబంధం ఎలా మొదలై ఎలా పెరిగిందో రాయమన్నచోట ఒకే ఒక్క వాక్యం: మాది పెద్దలు కుదిర్చిన పెళ్ళి.

అది చాలదని ఎవరో పెద్దమనిషి సలహా ఇచ్చేడట, రుషికొండ బీచిలో కలుసుకుని ప్రేమించుకున్నట్టు రాయమని. చిత్తుప్రతి కూడా తయారుగా ఉంది.

"మావయ్యా, మేమిద్దరం ఎప్పుడూ రుషికొండ వెళ్ళలేదు," అంది పిల్ల, తల వంచుకుని.

చింపీమన్నాను. విడివిడిగా అడిగితే ఇద్దరి మాటల్లోనూ నిలవని కథ అది. నిజం రాస్తే దానికంటే బాగుంటుంది. మొదట ఎప్పుడు కలిసేరు అంటే పుట్టినప్పట్నుంచీ. ఆరో క్లాసులో ఉండగా సైకిలు నేర్పింది అతనే. నిశ్చయమయ్యేక సిగ్గుతో మాటలు మానేసి, మళ్ళీ ఫోన్లో మొదలెట్టేరు. ఇదంతా ఇద్దర్నీ వేర్వేరుగా వాళ్ళ మాటల్లోనే రాయమన్నాను. మేనరికం అంటే ఏమిటో ఆ ఆఫీసరుకి తెలియాలని లేదు కాబట్టి అదీ వివరించేం. మేనత్త మేనమామ పిల్లల పెళ్ళి ఆచారం ఉన్నవారికి చెల్లుతుందని మన చట్టం ఐదో సెక్షన్‌లోనే ఉంది.

తర్వాత ఇల్లంతా వెతికించేను. నెలనెలా అతను పంపిన డబ్బు బ్యాంకు లెక్కలో ఉంది. సంక్రాంతికి వచ్చి వెళ్ళిన టిక్కెట్లు దొరికేయి. ఇద్దరూ పుణ్యగిరి వెళ్ళినప్పుడు చెమటలు కారుతూ తీసుకున్న ఫొటో ఒకటి, నా లెక్కలో ఆ నాలుగు వందలకీ సమానం. అత్తగారి మోకాలి ఆపరేషనప్పుడు ఆస్పత్రి కాయితం మీద "కోడలు" అని ఈ పిల్ల చేసిన సంతకం ఉంది. దాన్ని ఎవరూ సాక్ష్యమనుకోలేదు! పేర్లతో వేరే తంటా. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, పెళ్ళి సర్టిఫికెట్లో అప్పలనరసమ్మ స్పెల్లింగు మూడో రకం. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ వేయించేం.

చివర్న అటకమీంచి చదివింపుల పుస్తకం దిగింది. ఎవరెంత చదివించేరో, ఎవరు స్టీలు బిందె తెచ్చేరో, ఊరూ పేరూ సహా మా బావ దస్తూరీలో ఉంది. నలుగురిలో గుర్తింపుకి అంతకంటే ఏం కావాలి? అసలు పెళ్ళిలో వచ్చిన కానుకల జాబితా రాసి ఉంచుకోవాలని 1985 నాటి కేంద్ర నిబంధనలే చెప్తున్నాయి. తెలుగు కాయితాలకి ఇంగ్లీషు అనువాదం జతచెయ్యాలి, అనువాదకుడి పేరు, చిరునామా, అర్హతలతో సహా. నాకు మూడు రాత్రులు పట్టింది. చదివింపులు వేరు, కట్నం వేరు అని వివరించడానికే ఒక రాత్రి పోయింది.

అన్నీ పంపేక అయిదు నెలలకి వీసా వచ్చింది. మర్నాడే మా బావ మళ్ళీ దిగేడు. సంతోషం పంచుకోడానికొచ్చేడనుకున్నాను.

"ఆ పుస్తకం ఇచ్చీ," అన్నాడు. "ఎదురింటి నాయుడుగారి అమ్మాయి పెళ్ళి ఎల్లుండి. ఆయన మనకెంత చదివించేడో చూసుకోవాలి."